ఎడమకి తోస్తే చెత్తబుట్ట

పుస్తకాలకి విమర్శకులున్నారు. సినిమాలకి ఉన్నారు. వంటలకయితే ఇంటింటా ఉన్నారు, వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దస్తమానం మన చేతిలో ఆడే సెల్ ఫోను యాప్‌లకి మాత్రం విమర్శకులు లేరు. నక్షత్రాలున్నాయి. నచ్చితే అయిదు, నచ్చకపోతే ఒకటి. ఎందుకు నచ్చింది, ఎక్కడ చెడింది అని నాలుగు వాక్యాలు రాసే ఓపిక ఎవరికీ ఉండదు. అంచేత ఈ వారం నవలల్ని కాసేపు పక్కనపెట్టి ఒక యాప్‌ని సమీక్షిద్దామనుకుంటున్నాను. తెలుగు సాహిత్యం ముఖ్య విషయంగా బి.ఏ. చదివిన మనిషికి యాప్‌ల గొడవేమిటమ్మా అని మీరడగొచ్చు. గొడవ ఉంది. ఆ యాప్ చేసే పనీ, నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనీ ఒక్కటే: పేరుకుపోయినదాంట్లోంచి అక్కర్లేనిది కొట్టెయ్యడం.

ఫోనులో వేలకి వేలుగా చేరిన ఫొటోల్ని శుభ్రం చెయ్యడం దాని వృత్తి. ఒక్కొక్క ఫొటోనీ తెరమీద నిలబెడుతుంది. వేలితో ఎడమకి తోస్తే చెత్తబుట్ట, కుడికి తోస్తే ఇంట్లోనే. ఇలాంటివి బజార్లో ఇప్పటికే చాలా ఉన్నాయి. కొన్నిటికి వారం వారం డబ్బు కట్టాలి కూడాను. మా అక్క కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో ఇంకొకటి తయారుచేస్తున్నాడు. "పిన్నీ, నీ ఫోన్లో పదకొండు వేల ఫొటోలున్నాయి. ఇంతకంటే మంచి పరీక్ష నాకు దొరకదు. వాడి చూసి నిజం చెప్పు" అని నా ఫోనులో ఎక్కించి వెళ్లాడు. నిజం చెప్పమన్నాడు కనక చెబుతున్నాను.

ముందు ఈ చీపురు అవసరం మనకెందుకొచ్చిందో చూద్దాం. మా చిన్నతనంలో కెమెరాలో రీలుండేది. వెడల్పాటి రీలయితే 12 బొమ్మలు, చిన్న రీలయితే 36. రీలు కొనాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి, అడుగడుక్కీ డబ్బే. అంచేత మీట నొక్కకముందే ఎంపిక జరిగిపోయేది. "ఉండండుండండి, అత్తయ్యని కొంగు సర్దుకోనివ్వండి" అనేవారు ఎవరో. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఒక్కటంటే ఒక్క ఫొటో.

1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు రీలు లేని కెమెరా ఒకటి తయారుచేశాడు. ఒక్క నలుపు తెలుపు బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పటి ఫోనులు కొన్ని సెకనుకి పది చొప్పున తీసిపారేస్తున్నాయి. రీళ్ల రాజ్యానికి మహారాజులా బతికిన కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషను పెట్టుకుంది. రీలు పోయింది గాని ఎంపిక పోలేదు. మీట నొక్కడానికి ముందుండేది కాస్తా వెనక్కి జరిగింది. అంటే ఆ భారం కెమెరా పట్టుకున్నవాళ్ల మీదనుంచి ఇల్లు సర్దేవాళ్ల మీదికొచ్చి పడింది. మన ఇళ్లల్లో ఇల్లు సర్దేదెవరో నేను వేరే చెప్పాలా? "నా ఫోను నిండిపోయిందట, కాస్త చూడు" అని మావారు ఫోను నా ఒళ్లో పడేసి పేపరు చదువుకుంటారు. అత్తగారి ఫోనూ నాదే పూచీ.

చాలాకాలం ఈ బరువు మనకి తెలియలేదు. 2015లో గూగుల్ ఫొటోస్ వచ్చినప్పుడు, బొమ్మల్ని కాస్త కుదిస్తాం, ఎన్నయినా దాచుకోండి, ఉచితం అన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగిపోయింది. అప్పట్నుంచీ ఉత్తరాలూ, దస్త్రాలూ, ఫొటోలూ అన్నీ కలిపి 15 జీబీ దాటితే డబ్బు కట్టవలసిందే. మేడమీద గది ఊరికే ఇచ్చినంతకాలం కాలు విరిగిన కుర్చీలూ, నవారు తెగిన మంచాలూ అన్నీ పైకెక్కిస్తాం. అద్దె అడిగిన రోజున చీపురు వెతుక్కుంటాం. ఈ యాప్‌లకి గిరాకీ పెరిగింది అందుకే.

ఇక యాప్ సంగతి. అది చేసే పనులు మూడు. మూడిటికీ ఒకటే పేరు పెట్టి ఒకటే బొత్తాం కింద దాచారు గాని, అవి మూడూ వేరు వేరు.

మొదటిది ఊడ్చడం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో దానికి సాటి లేదు. నా ఫోనులో సగం చెత్త నేను తీసినది కానే కాదు. తెల్లారేసరికి వచ్చి వాలే గులాబీలు, దీపాలు, సూర్యోదయాలు, వాటిమీద శుభోదయాలు. ఒకే గులాబీ చిన్నమామయ్యా పంపుతాడు, అపార్టుమెంటు సంఘమూ పంపుతుంది. ఇది మన ఒక్కరి బాధ కాదు. మన దేశపు శుభోదయాలు ఫోనుల్ని ఎలా నింపేస్తున్నాయో 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక రాసింది. అంతకు ముందునెలలోనే గూగుల్ వాళ్లు ఫోను శుభ్రం చేసుకోవడానికి ఫైల్స్ గో అనే యాప్ విడుదల చేశారు. మన మేనమామల ప్రేమ అమెరికా దాకా వినిపించిందన్నమాట.

"ఒకేలాంటి బొమ్మల్ని ఎలా పట్టుకుంటుందిరా?" అని అడిగాను మావాణ్ణి. లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. అయినా వాడు చెప్పింది అర్థమైంది. వాకిట్లో ముగ్గు పెట్టే వాళ్లెవరికైనా అర్థమవుతుంది. ఫొటో ఎంత పెద్దదయినా సరే, ముందు రంగులు తీసేసి బూడిదరంగులోకి మారుస్తారు. తర్వాత దాన్ని 9 గళ్ల వెడల్పు, 8 గళ్ల ఎత్తు ఉన్న చిన్న గళ్లబొమ్మగా కుదిస్తారు. వరసలో ప్రతి గడినీ పక్క గడితో పోల్చి, దానికంటే ఇది వెలుగ్గా ఉందా అని అడుగుతారు. ఉంటే ఒకటి, లేకపోతే సున్న. వరసకి 8 జవాబులు, ఎనిమిది వరసలకి 64. ఆ ఒకట్లూ సున్నలే ఆ ఫొటోకి వేలిముద్ర. రెండు ఫొటోల వేలిముద్రల్లో ఏ రెండు మూడు చోట్లో తప్ప తేడా లేకపోతే అవి నకళ్లో కవలలో అయివుంటాయి. అదే గులాబీని ఒకరు పెద్దది చేసి, ఇంకొకరు కుదించి పంపినా దొరికిపోతుంది. మొదటి గంటలోనే నా ఫోనులో 1,300 నకళ్లు పట్టింది. ఈ ఉపాయం కనిపెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాను. అన్నట్టు, ఐఫోను ఉన్నవాళ్లకి 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి నకళ్లని ఏరిపెట్టే ఏర్పాటు ఫోనులోనే ఉంది. దానికోసం ఎవరికీ వారం వారం డబ్బు కట్టక్కర్లేదు.

రెండో పని ఎంపిక. ఒకే క్షణంలో తీసిన తొమ్మిది ఫొటోల్లో ఏది ఉంచాలో చెబుతుంది. కళ్లు తెరిచి ఉన్నాయా, మొహం ఇటు తిరిగిందా, నవ్వుతున్నారా అని చూస్తుంది. మసకని కూడా కొలుస్తుంది. పక్కపక్క చుక్కల మధ్య వెలుగు గీత గీసినట్టు చప్పున మారితే స్పష్టం, కరిగినట్టు మెల్లగా మారితే మసక. ఇదంతా వింటుంటే నాకు కాలేజీలో మాకు వ్యాకరణం చెప్పిన మాస్టారు గుర్తొచ్చారు. పద్యం ఇస్తే ఆయన సంధులూ, సమాసాలూ, యతి ప్రాసలూ చూసి మార్కులు వేసేవారు. ఆయన చూసినవన్నీ నిజమే. పద్యం చదివి కళ్లు చెమర్చాయా లేదా అన్నది ఆయన పట్టికలో ఉండేది కాదు.

తలంబ్రాల ఫొటో తీసుకోండి. బియ్యం గాలిలో ఉంటాయి. నాలుగు చేతులూ ఒక్కక్షణం నిలవవు. పెళ్లికూతురు కళ్లు గట్టిగా మూసుకుంటుంది. యాప్ పట్టికలో ఇవన్నీ తప్పులే. ఆ ఫొటో ఏ కదలికా లేకుండా స్పష్టంగా ఉండాలంటే తలంబ్రాలు ఆపి ఇద్దర్నీ కూర్చోబెట్టాలి.

ఇంకో ఉదాహరణ మా ఇంట్లోదే. మా అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజున తీసిన తొమ్మిది ఫొటోల్లో ఆరోదానికి కిరీటం తగిలించింది యాప్. అందులో పదిహేడుమందీ కెమెరా వైపే చూస్తున్నారు, ఒక్కరు కూడా రెప్ప వాల్చలేదు. నాలుగోదాంట్లో నాన్నగారు కెమెరా వైపు చూడడంలేదు. అమ్మ తలలో పువ్వులు జారుతున్నాయేమోనని పక్కకి తిరిగి ఆవిడని చూస్తున్నారు. యాభై ఏళ్లలో నలుగురి ముందూ ఆయన ఆవిడవంక అలా చూడడం మేం పిల్లలం ఎరగం. యాప్ లెక్కలో అది చూపు తప్పిన ఫొటో. కిరీటం పెట్టిన ఫొటో బంధువులకి పంపడానికి బాగుంటుంది, కాదనను. అంచేత ఎంపికలో యాప్ సలహా వినొచ్చు. తీర్పు మాత్రం దానికి వదిలెయ్యకూడదు.

మూడో పని దగ్గరే నాకు అసలు పేచీ. నకళ్లు పోయాయి, కవలల్లో ఒకటి మిగిలింది. ఇక ఉన్నవన్నీ ఒంటి ఫొటోలు. వాటిని కూడా అదే వేగంతో ఎడమకో కుడికో తోసుకుంటూ పొమ్మంటుంది. ఈ తోపుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? 2012లో అమెరికాలో వచ్చిన టిండర్ అనే జోడీలు వెతుక్కునే యాప్ దీన్ని లోకమంతా పాకించింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వరసగా తెరమీదికొస్తారు. నచ్చకపోతే ఎడమకి, నచ్చితే కుడికి. అక్కడ ఆ తొందర సబబే అనుకుందాం. మన పెళ్లిచూపుల్లో కూడా కాఫీ తాగేంతసేపు గడువిస్తాం గాని, పోనివ్వండి. నా ఫోనులో ఉన్నవాళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లు కారే! కొత్తవాళ్లని కాదనడానికి పుట్టిన వేలి కదలికతో అయినవాళ్లని కూడా అంత సులువుగా కాదనమంటే ఎలా?

పైగా పొగడ్త ఒకటి. వంద తోసేసరికి తెరమీద రంగుకాగితాల వాన కురిసింది. 'శభాష్! ఈ రోజు 214 ఫొటోలు తీసేశారు' అని రాసింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నవల్లో ఒక అధ్యాయం మొత్తం కొట్టేసిన రోజులు నాకున్నాయి. ఎవరూ రంగుకాగితాలు జల్లలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. కొట్టేసినది ఎంత అన్నది గొప్ప కాదు. మిగిలినది నిలబడిందా అన్నదే లెక్క. ఇల్లు సర్దుకోవడం గురించి లోకానికి పాఠాలు చెప్పిన జపాను ఆవిడ మారీ కోండో ఒక వరస పెట్టింది. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, అన్నిటికన్నా ఆఖర్న మనసుకి దగ్గరివి. ఫొటోలు ఆ ఆఖరివాటిలోవి. చీరల మీదా సీసాల మీదా ముందు చెయ్యి తిరగాలి, ఏది కావాలో తేల్చుకోవడం అలవాటవాలి, అప్పుడు ఫొటోలు. అంత ఆఖర్న, అంత నెమ్మదిగా చెయ్యవలసిన పనికి అన్నిటికంటే తొందరైన కదలిక తగిలించారు.

నాకెదురైన ఒక ఫొటో సంగతి చెబుతాను. మా అమ్మకి ఫొటో అంటే గిట్టేది కాదు. కెమెరా ఎత్తగానే "వద్దే, తల కూడా దువ్వుకోలేదు" అని చెయ్యి అడ్డం పెట్టేసేది. అమ్మ పోయి రెండేళ్లయింది. 'తీసెయ్యదగినవి' అని యాప్ ఏరిపెట్టిన గుంపులో వంటింటి గుమ్మం దగ్గర అమ్మ కనిపించింది. మొహం సగం కనబడదు. అడ్డంపెట్టిన అరచెయ్యి మాత్రం తెరంతా మసకగా పరుచుకుంది. చేతికి పసుపు. ఆ మసక చూస్తే నాకు ఆవిడ గొంతు వినిపించింది. నవ్వుతూ నిలబడ్డ అమ్మ ఫొటోలు నాలుగైదున్నాయి. వాటిల్లో ఆ గొంతు లేదు.

ఆదివారం మావాడొచ్చినప్పుడు ఫోను వాడి చేతికిచ్చాను. కాసేపు చూశాడు. "మసగ్గానే ఉంది పిన్నీ, యాప్ తప్పేం లేదు" అన్నాడు. ఇంకాసేపు చూసి, "నాకోటి పంపు" అన్నాడు.

వాడి యాప్ మీద ఇంతకంటే మంచి విమర్శ నేను రాయలేను.

రోలాఁ బార్త్ అని ఫ్రాన్సు దేశపు విమర్శకుడొకాయన ఉండేవాడు. 1977లో ఆయన తల్లి పోయింది. ఆవిడ ఫొటోలన్నీ ముందేసుకుని, వీటిల్లో మా అమ్మ ఏది అని వెతుక్కున్నాడు. చివరికి దొరికింది ఆవిడ అయిదేళ్ల పిల్లగా ఉన్నప్పటిది, 1898లో తీసినది. మూలలు అరిగి, వెలిసిపోయిన బొమ్మ. ఫొటోల గురించి 1980లో ఆయన వేసిన 'కెమెరా లూసిడా' పుస్తకంలో ఇంకెన్నో ఫొటోలున్నాయి గాని, ఆ ఒక్కటీ లేదు. నాకు తప్ప ఇంకెవరికీ అది పదింట్లో ఒక ఫొటోగానే కనిపిస్తుందని ఆయన ఉద్దేశం. యంత్రం కూడా పరాయి పాఠకురాలే. అంచేత మన ఫొటో దానికి పదకొండు వేలల్లో ఒకటి. అందులో దాని దోషం లేదు. ఆ పరాయిదాని చేతికి కత్తెరివ్వడమే దోషం.

అయితే అన్నీ దాచుకోవాలా? ఇక్కడ మావాడు నన్ను పట్టుకున్నాడు. "సరే పిన్నీ, ఈ పదకొండు వేలల్లో కిందటేడు నువ్వు చూసినవి ఎన్ని?" అన్నాడు. ఆలోచిస్తే, ఆధార్ కార్డు ఫొటో కోసం వెతుకుతూ దారిలో కనబడినవే. వాడన్నది నిజం. మా పుట్టింట్లో ఉన్న ఆల్బం ఒకటే. నల్లటి అట్ట పేజీలు, బొమ్మల మూలలకి చిన్న తొడుగులు, పేజీకీ పేజీకీ మధ్య పల్చటి కాగితం. ఫొటోలు ఎనభయ్యారు. ఒక్కోదాని వెనకా నాన్నగారు సిరాతో ఊరూ, ఏడూ, ఎవరెవరున్నారో రాశారు. ఎవరొచ్చినా అది బయటికొచ్చేది. ఎనభయ్యారు గనకే అన్నీ అందరికీ నోటికొచ్చు. పదకొండు వేలు దాచుకోవడమంటే, పారెయ్యకుండా పోగొట్టుకోవడం. అందుకే చీపురు పట్టవద్దని నేననడంలేదు. గదికో రకం చీపురుండాలంటున్నాను. పెరడు ఊడ్చే ఈనెల చీపురుతో దేవుడి గూడు తుడవం కదా!

ఫోను ఈ రోజు, ఈ చోటు, ఇన్ని సెకన్లకి తీశానని ఫొటోతోపాటే రాసిపెట్టుకుంటుంది. మొహాలు పోల్చి ఒకరి ఫొటోలన్నీ ఒకచోట చేరుస్తుంది కూడాను. పక్కన నిలబడ్డ ఆవిడ మనకి వరసకి ఏమవుతుందో, ఆ రోజు అందరూ అంతగా ఎందుకు నవ్వారో మాత్రం మనం చెబితేనే దానికి తెలుస్తుంది. అంచేత మావాడికి మూడు మాటలు చెప్పాను. ఒంటి ఫొటోల దగ్గర తోపుడు తీసెయ్యి, రోజుకి పది చాలు. రంగుకాగితాలు మానెయ్యి. తీసేసినవాటి లెక్క బదులు, 'ఇందులో ఎవరున్నారు?' అని అడిగి పేర్లు రాసుకున్నవాటి లెక్క చూపించు. "అలా అడిగితే జనం యాప్‌నే తీసేస్తారు పిన్నీ. తొందరగా అయిపోవాలనే దించుకుంటారు" అన్నాడు. అదీ నిజమే కాబోలు. రంగుకాగితాలు తీసేస్తానని మాటిచ్చాడు. పేర్ల సంగతి ఆలోచిస్తాడట.

ఈలోగా మీరు ఇలాంటిదేదైనా దించుకునేటట్టయితే రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, అది ఫొటోల్ని మీ ఫోనులోనే పరిశీలిస్తుందా, వేరే చోటికి పంపిస్తుందా అన్నది. మావాడిది ఫోను గడప దాటదు. రెండోది చెత్తబుట్ట గడువు. తీసేసినవి ఐఫోనులో కనీసం 30 రోజులు ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో, ఖాతాలో దాచినవయితే 60 రోజులు. ఆ గడువులో మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫోనుకీ ఖాతాకీ లంకె ఉంటే ఒకచోట తీసేసినది రెండోచోటా పోతుంది, అది మరవొద్దు. ఈ గడువు పెట్టాలని తోచినవాళ్లకి మనుషుల సంగతి బాగా తెలుసు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చినది అదే.

ఇక మార్కులు. ఊడ్చడంలో మావాడి యాప్‌కి ఫస్టు క్లాసు. ఎంపికలో పాసు, అదీ వ్యాకరణం మాస్టారి దయవల్ల. మూడో పేపరు దిద్దవలసింది మనం. ఇంట్లో పేర్లూ వరసలూ తెలిసిన పెద్దవాళ్లుంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఫోను తెరవండి. ఏదీ తీసెయ్యక్కర్లేదు. పది ఫొటోలకి పేర్లు చెప్పించుకుని రాసుకోండి. ఆ పూటకి అది చాలు.